పిండిమర ఇంట పుట్టిన యంత్రశిల్పి

రోల్స్ రాయిస్ అన్న పేరు వినగానే రాజులు, సంస్థానాధీశులు, చప్పుడు లేని ప్రయాణం మనసులో మెదులుతాయి. ఆ పేరులోని మొదటి సగం ఒక ప్రభువుగారి కుమారునిది. రెండవ సగం మాత్రం ఏ గొప్ప వంశానిదీ కాదు. పట్టుమని రెండేళ్లయినా బడికి వెళ్లని, పొట్టకూటి కోసం వార్తాపత్రికలు అమ్మిన ఒక పల్లెటూరి బాలునిది. ఆ బాలుడే హెన్రీ రాయిస్.

ఇంగ్లండులోని పీటర్‌బరో పట్టణానికి సమీపాన ఆల్వాల్టన్ అనే చిన్న గ్రామం ఉంది. అక్కడ 1863 మార్చి 27న హెన్రీ జన్మించాడు. అయిదుగురు సంతానంలో అతడే కడసారివాడు. తండ్రి జేమ్స్ రాయిస్ పిండిమర కౌలుకు తీసుకొని నడిపేవాడు. ఆ వ్యాపారం దెబ్బతినడంతో కుటుంబం లండన్ చేరుకుంది. అక్కడా కాలం కలిసిరాలేదు. 1872లో తండ్రి మరణించేనాటికి హెన్రీకి తొమ్మిదేళ్లు. పుస్తకాల సంచి పట్టవలసిన చేతులతో పత్రికల కట్టలు మోశాడు. తరువాత తంతి వార్తలు ఇంటింటికీ అందజేసే పనికి కుదిరాడు.

1878లో ఒక బంధువురాలు దయతలచి రుసుము చెల్లించగా పీటర్‌బరోలోని గ్రేట్ నార్తర్న్ రైల్వే కర్మాగారంలో పని నేర్చుకునే అవకాశం లభించింది. ఇనుమును కోయడం, తొలచడం, నునుపు చేయడం అక్కడే అతని చేతికి అబ్బాయి. మూడేళ్లకు ఆమె వద్ద సొమ్ము నిండుకోగా శిక్షణ మధ్యలోనే ఆగిపోయింది. చేతిలో యోగ్యతాపత్రం లేదు, ఉన్నదల్లా నేర్చిన విద్య. లీడ్స్ నగరంలో పనిముట్లు తయారుచేసే చోట కొంతకాలం, ఆ పిమ్మట లండన్, లివర్‌పూల్ నగరాల్లో విద్యుద్దీపాల పనిలో కొంతకాలం గడిపాడు. పగలు పనిచేసి, రాత్రిళ్లు చదువుకున్నాడు.

1884లో రాయిస్ కూడబెట్టిన 20 పౌండ్లకు మిత్రుడు ఎర్నెస్ట్ క్లేర్‌మాంట్ 50 పౌండ్లు జోడించగా, మాంచెస్టర్‌లోని కుక్ వీధిలో చిన్న కార్ఖానా వెలిసింది. మొదట విద్యుత్ గంటలు, తరువాత డైనమోలు, బరువులెత్తే క్రేన్లు అక్కడ తయారయ్యాయి. వాటి నాణ్యతకు మంచి పేరు వచ్చింది. కాని తిండీ నిద్రా మరచి పనిచేసిన రాయిస్ ఆరోగ్యం 1902 నాటికి దెబ్బతిన్నది.

1903లో ఆయన ఫ్రాన్సులో తయారైన డెకోవిల్ అనే పాత కారును కొన్నాడు. దాని మోత, మొరాయింపు ఆయనకు నచ్చలేదు. ప్రతి భాగాన్నీ విప్పి పరిశీలించి, అంతకన్న మేలైనది తానే చేయగలనని నిశ్చయించుకున్నాడు. ఆ ప్రకారమే తయారైన మొదటి కారు 1904 ఏప్రిల్ 1న రోడ్డెక్కింది.

ఆ రోజుల్లో చార్లెస్ రోల్స్ లండన్‌లో విదేశీ కార్లు అమ్మేవాడు. కేంబ్రిడ్జిలో చదివిన శ్రీమంతుడు. స్వదేశంలో తయారైన మంచి కారు దొరకలేదన్న కొరత అతనికి ఉండేది. 1904 మే 4న మాంచెస్టర్‌లోని మిడ్‌లాండ్ హోటల్‌లో ఇద్దరూ కలుసుకున్నారు. రాయిస్ కార్లు తయారుచేయాలి, రోల్స్ అమ్మాలి, రెండు పేర్లూ కలిపి పెట్టాలి. ఆ డిసెంబరులోనే ఒప్పందం కుదిరింది.

ఆనాటి ఆరు సిలిండర్ల ఇంజన్లకు ఒక పెద్ద జబ్బు ఉండేది. పొడవైన క్రాంకు ఇరుసు అదురుకు విరిగిపోయేది. రాయిస్ ఇరుసును లావు చేసి, ఏడు బేరింగుల మీద నిలిపి, ఒత్తిడితో నూనె అందే ఏర్పాటు చేశాడు. 1906లో ప్రదర్శించిన ఈ కారే తరువాత సిల్వర్ ఘోస్ట్‌గా ప్రసిద్ధి చెందింది. 1907లో అది 14,371 మైళ్లు, అనగా సుమారు 23,000 కిలోమీటర్లు, పరీక్షాధికారుల కళ్లెదుట నడిచింది. ఆనక అరిగిన భాగాలు మార్చడానికి అయిన ఖర్చు రెండు పౌండ్లకు కొద్దిగా ఎక్కువ మాత్రమే. హైదరాబాదు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కూడా సిల్వర్ ఘోస్ట్‌కు ఆర్డరిచ్చాడు. అది చేరకముందే, 1911లో ఆయన కన్నుమూశాడు.

1908లో కర్మాగారం డెర్బీకి తరలింది. 1910 జూలై 12న విమాన ప్రమాదంలో రోల్స్ దుర్మరణం పాలయ్యాడు. మరుసటి ఏడు రాయిస్ మంచాన పడ్డాడు. 1912లో పెద్ద శస్త్రచికిత్స జరిగింది. ఆయన ఎంతో కాలం బతకడని వైద్యులు భావించారు. కాని నర్సు ఎథెల్ ఆబిన్ సంరక్షణలో మరో ఇరవై ఏళ్లకు పైగా జీవించాడు. చలికాలం ఫ్రాన్సు దక్షిణ తీరంలో, తక్కిన కాలం ఇంగ్లండు సముద్రతీరంలో ఉంటూ, నమూనా చిత్రాలను డెర్బీకి పంపేవాడు. తాను పెంచిన కర్మాగారంలో నిలబడి పనిచేసే భాగ్యం మాత్రం ఆయనకు మళ్లీ దక్కలేదు.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆయన రూపొందించిన ఈగిల్ విమాన ఇంజన్లతోనే 1919లో ఆల్కాక్, బ్రౌన్ ఎక్కడా ఆగకుండా అట్లాంటిక్‌ను దాటారు. 1922లో యజమానే నడుపుకోదగిన చిన్న కారు, 1925లో ఫాంటమ్, 1929లో రెండవ ఫాంటమ్ వెలువడ్డాయి. 1930లో ప్రభుత్వం బారోనెట్ బిరుదుతో సత్కరించింది. అయినా తనను మెకానిక్ అని చెప్పుకోవడమే ఆయనకు ఇష్టం.

ఆయన జీవించి ఉన్నంతకాలం ఈ సంస్థ చాసిస్‌ను, ఇంజన్‌ను మాత్రమే ఇచ్చేది. పై బాడీని కొన్నవారు వేరే పనివారితో కట్టించుకునేవారు. ఆ పద్ధతి రెండవ ప్రపంచ యుద్ధం తరువాత మారింది. 1931లో ఈ సంస్థ చేతికి వచ్చిన బెంట్లీ పేరుతో 1946లో పూర్తిగా కర్మాగారంలోనే తయారైన సెలూన్ కారు, అనగా పైకప్పుతో నాలుగువైపులా మూసిన కారు, వెలువడింది. రోల్స్ రాయిస్ పేరుతో అటువంటిది 1949లో సిల్వర్ డాన్‌గా వచ్చింది. 1955లో సిల్వర్ క్లౌడ్, 1965లో సిల్వర్ షాడో వచ్చాయి. సిల్వర్ షాడోలో చాసిస్, బాడీ ఒక్కటైపోయాయి. రూపం ఎన్నిసార్లు మారినా చప్పుడు లేని నడక, చెడిపోని పనితనం అన్న రాయిస్ నియమాన్ని వారసులు విడువలేదు.

1933 ఏప్రిల్ 22న వెస్ట్ విటరింగ్ గ్రామంలో రాయిస్ తుదిశ్వాస విడిచాడు. ఆయన ఆరంభించిన కొత్త విమాన ఇంజను మొదటిసారి తిరిగినది ఆ అక్టోబరులో. మెర్లిన్ అన్న పేరుతో అదే 1940లో ఇంగ్లండు ఆకాశాన్ని కాపాడిన స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాలను నడిపింది. దాని ధ్వని వినే యోగం ఆయనకు లేకపోయింది. మొదట డెర్బీలో ఉంచిన ఆయన చితాభస్మాన్ని 1937లో ఆల్వాల్టన్ చర్చికి చేర్చారు. పిండిమర మూతపడి బతుకుతెరువు కోసం ఊరు విడిచిన కుటుంబంలోని కడసారి బిడ్డ, ఆ విధంగా తిరిగి సొంత ఊరు చేరాడు.