ఖండములు కదలునని చెప్పిన ఆల్‌ఫ్రెడ్ వెగెనర్

1900వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీన మన కోయంబత్తూరు సీమలో భూమి కంపించెను. దక్షిణ భారతదేశమున చాల దూరమువరకు ఆ కంపము జనులకు తెలిసెను. నేలలోని పగుళ్లవెంట రాళ్లు జారుటచే భూకంపములు పుట్టునని ఆనాటి పండితులు కొందరెరుగుదురు. ఆ రాళ్లను త్రోయుచున్న బలమెక్కడిదో మాత్రము ఎవరికిని తెలియదు. అగ్నిపర్వతములు కొన్నియెడల వరుసలు తీరి యుండుటకును, మన సీమవంటి చోట్ల పేరునకైన లేకుండుటకును కారణము తెలియదు. భూగోళము చల్లారుచు ఎండిన నిమ్మపండువలె ముడుతలు పడుచున్నదనియు, ఆ ముడుతలే పర్వతములనియు పెక్కురు నమ్ముచుండిరి. ఆ నమ్మకమును కదిలింపనున్న ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ అప్పటికి జర్మనీలో పందొమ్మిదేండ్ల యువకుడు.

ఆయన 1880 నవంబరు 1వ తేదీన బెర్లిను నగరమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు, ఉపాధ్యాయుడు. అయిదుగురు బిడ్డలలో ఆల్‌ఫ్రెడ్ కడపటివాడు. 1905లో ఖగోళశాస్త్రమున డాక్టరు పట్టము పొందెను గాని, నక్షత్రములకంటె గాలియు మంచును ఆయన మనస్సును ఆకర్షించెను. 1906 ఏప్రిలులో అన్నయైన కుర్టుతో కలిసి బెలూనులో 52 గంటలకు పైగా ఆకాశమున సంచరించి అప్పటివరకు నున్న రికార్డును దాటెను. ఆ యేడే డేనిషు బృందముతో గ్రీన్లాండునకు పోయి రెండు శీతకాలములు గడపెను. ఆ యాత్రలో బృందనాయకుడును, మరి ఇద్దరును మంచులో ప్రాణములు విడిచిరి. అయినను ఆ దేశముపై ఆయనకు మక్కువ తగ్గలేదు. తిరిగి వచ్చి మార్‌బుర్గు విశ్వవిద్యాలయమున వాతావరణశాస్త్రము బోధింప సాగెను.

1910లో ఒక అట్లాసు పుటలను త్రిప్పుచుండగా దక్షిణ అమెరికా తూర్పు తీరమును, ఆఫ్రికా పడమటి తీరమును ఒకదానిలో నొకటి ఇముడునట్లు ఆయనకు తోచెను. మొదట దానిని ఆయనయే పాటింపలేదు. మరుసటి యేడు రెండు ఖండములందును ఒకే విధమైన శిలాజములు దొరకుచున్నవని చదివినపుడు ఆ తలంపు మరల మేల్కొనెను. జంతువులు నడచుటకై నడుమ భూసేతువులుండెననియు, అవి పిమ్మట మునిగిపోయెననియు ఆ కాలపువారి సమాధానము. ఖండముల రాయి సముద్రపుటడుగు రాతికంటె తేలిక గనుక అది అట్లు మునుగజాలదని వెగెనర్ వాదించెను. మునుగనిచో తరలియుండవలెను.

ఈ తర్కము మనకు క్రొత్తది కాదు. మదురలోని యొక తెనుగింటి పేరును, పలుకుబడియు కృష్ణాతీరమునందలి మరియొక యింటివానితో సరిపోయినచో, ఆ యిరువురి పూర్వులు ఒకప్పుడొకచోట నుండిరని మనమూహింతుము. నడుమ నున్న వందల మైళ్లు మన యూహకడ్డు రావు. నాయకరాజుల కాలమున మన పూర్వులు పెక్కుమంది తరలి వచ్చినవారే గదా! వెగెనర్ చదివినవి రాళ్ల యింటిపేర్లు. గోదావరీలోయలోని సింగరేణి బొగ్గుపొరల రాళ్లలో గ్లాసోప్టెరిస్ అను చెట్టు ఆకుల ముద్రలు కలవు. ఆ ముద్రలే దక్షిణ ఆఫ్రికాలోను, దక్షిణ అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను, తుదకు అంటార్కిటికా మంచుగడ్డపైనను దొరకెను. మధ్యభారతమునందలి గోండుల సీమపేర ఈ రాళ్లకు గోండ్వానా అను నామము వచ్చెను. ఆ ఖండములన్నియు కలిసియున్న ప్రాచీన భూమికిని అదియే పేరాయెను.

1912 జనవరి 6వ తేదీన ఫ్రాంక్‌ఫర్టులో భూగర్భశాస్త్రజ్ఞుల యెదుట ఆయన తన సిద్ధాంతమును ప్రకటించెను. పిమ్మట మరల గ్రీన్లాండునకేగి, కోఖ్ అను డేనిషు యాత్రికునితో మంచుపీఠభూమిని ఈ యొడ్డునుండి ఆ యొడ్డునకు దాటెను. 1913లో వివాహము, 1914లో యుద్ధము. యుద్ధమున రెండుమారులు గాయపడి, కోలుకొనుచున్న కాలమున వ్రాసిన చిన్న గ్రంథము 1915లో వెలువడెను.

పండితులు మెచ్చలేదు. గాలివానల శాస్త్రజ్ఞునకు రాళ్లతో నేమి పనియని కొందరు ఎగతాళి చేసిరి. అంతకంటె బరువైన ఆక్షేపణ మరొకటి: ఇంతటి ఖండమును త్రోయగల బలమేది? భూభ్రమణమును, సూర్యచంద్రుల ఆకర్షణయు కారణములని వెగెనర్ సూచించెను. ఆ బలములు మిక్కిలి స్వల్పములని ఇంగ్లండులో జెఫ్రీస్ లెక్కలతో చూపెను. ఈ యొక్క విషయమున ప్రతిపక్షులదే ఒప్పని అంగీకరింపవలెను. ఖండములు కదలెననుట నిజము, అవి కదలుటకు ఆయన చెప్పిన హేతువు సరికాదు. 1926లో న్యూయార్కు సభలోను పెక్కురు ఆయనను కాదనిరి. ఆయన మాత్రము క్రొత్త సాక్ష్యములు చేర్చుచు, గ్రంథమును సవరించుచు, 1929లో నాలుగవ కూర్పు ప్రకటించెను. ఆచార్యపదవి స్వదేశమున లభింపక 1924లో ఆస్ట్రియాలోని గ్రాట్సునకు పోవలసివచ్చెను.

1930లో ఆయనయే నాయకుడై గ్రీన్లాండునకు తరలెను. తీరమునకు 400 కిలోమీటర్ల లోపల, మంచు నడుమ, ఒక పరిశోధనశిబిరము నెలకొల్పిరి. అచ్చటివారికి శీతకాలపు సామగ్రి చాలదు. కుక్కల బండ్లతో బయలుదేరిన సహాయబృందమున పెక్కురు త్రోవలోనే మరలిపోయిరి. వెగెనర్, లోవె, గ్రీన్లాండు యువకుడు విలుమ్‌సెన్ మాత్రము అక్టోబరు 30న శిబిరము చేరిరి. మంచు కొరికిన లోవె కాలివ్రేళ్లను కోసివేయవలసి వచ్చెను. ఉన్న ఆహారము అందరకును చాలదు. కావున నవంబరు 1న, తన యేబదవ పుట్టినరోజున, వెగెనర్ విలుమ్‌సెన్‌ను వెంటగొని తీరమునకు వెనుదిరిగెను. వారు చేరలేదు. 1931 మే నెలలో వెదకబోయినవారికి సగము త్రోవలో, మంచున నిలువుగా గ్రుచ్చిన స్కీలు కనబడెను. వాని చెంత, శ్రద్ధతో కప్పి పూడ్చిన వెగెనర్ దేహము. పూడ్చినవాడు విలుమ్‌సెన్. ఆ యువకుని జాడ గాని, అతడు వెంట గొనిపోయిన వెగెనర్ దినచర్య గాని నేటివరకు దొరకలేదు.

ఆయన చెప్పలేని హేతువు సముద్రపుటడుగున నుండెను. రెండవ ప్రపంచయుద్ధము పిమ్మట సముద్రగర్భమును కొలిచినవారికి అచ్చట పొడవైన పర్వతశ్రేణులును, వానివెంట క్రొత్తగా పుట్టుచున్న నేలయు కానవచ్చెను. 1960 దశాబ్దమున హెస్, విల్సన్ మొదలగువారి కృషితో పలకల సిద్ధాంతము రూపొందెను. భూమి పైపెంకు కొన్ని పెద్ద పలకలుగా చీలియున్నది. క్రింద వేడిమిచే మెల్లగా పొరలు రాతిపై అవి జరుగుచున్నవి. పలకలు విడిపోవుచోట లావా పైకుబుకును. ఐస్లాండు అట్టిది. సముద్రపు పలక మరొకదాని క్రిందికి దూరుచోట ఘోరమైన భూకంపములును, అగ్నిపర్వతములును పుట్టును. జపాను, సుమత్రా, మన అండమానులోని బారెన్ దీవి అట్టివి. 2004 డిసెంబరు 26న నాగపట్టణమును ముంచిన అల అట్టి సరిహద్దుననే పుట్టెను. పసిఫిక్ మహాసముద్రపు అంచువెంటనే పెద్ద భూకంపములలో నూటికి సుమారు 80 సంభవించును. హిమాలయములయొద్ద రెండును ఖండపు పలకలే. ఏదియు లోతుగా మునుగదు. అందుచే అచ్చట కంపములు మెండు, అగ్నిపర్వతములు లేవు.

మనము భారతపు పలక అంచున గాక లోపల నున్నాము. ఆ పలక ఏటికి సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరముగా సాగి ఆసియాను ఒత్తుచున్నది. ఆ యొత్తిడి లోపలి పాత పగుళ్లను కూడ అపుడపుడు కదల్చును. లోపలివారికి ప్రమాదము తక్కువయే గాని లేకపోలేదని 1900 నాటి మన కంపమును, 1993లో మహారాష్ట్రమున వేలమందిని పొట్టనబెట్టుకొన్న లాతూరు కంపమును తెలుపుచున్నవి.

గ్రీన్లాండు యూరోపునకు దూరమగుచున్నదని కొలిచి చూపవలెనని వెగెనర్ ఆశ. ఆనాటి సాధనముల దోషముచే నిజమునకు మించిన అంకెలు వచ్చెను. ఇపుడు ఉపగ్రహముల సాయమున కొలువగా ఆ రెండును ఏటికి సుమారు 2 సెంటీమీటర్లు ఎడమగుచున్నవి.