కట్టని జరిమానా

అమెరికన్ అంటే ఎవరు? ఈ మాట అడిగితే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేవి పాస్‌పోర్టు, గ్రీన్‌కార్డు, డాలర్లు. నాకు మాత్రం జుట్టు బిగించి ముడి చుట్టుకుని, నల్లగౌను వేసుకున్న ఓ పెద్దావిడ గుర్తొస్తుంది. ఆవిడ పుట్టింది, పెరిగింది అమెరికాలోనే. అయినా తానూ ఆ దేశ పౌరురాలినేనంటూ ఓటు వేసినందుకు కోర్టుకెక్కాల్సి వచ్చింది. ఆమే సుసాన్ బి. ఆంథోనీ.

1820 ఫిబ్రవరి 15న మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆడమ్స్ అనే ఊళ్లో పుట్టింది సుసాన్. వాళ్లది క్వేకర్ల కుటుంబం. దేవుడి ముందు ఆడా మగా సమానమేనని నమ్మేవాళ్లు. తండ్రి నూలుమిల్లు నడిపేవాడు. 1837లో దేశాన్ని కుదిపేసిన ఆర్థిక సంక్షోభంలో ఆయన దివాలా తీశాడు. ఇంట్లో సామాను, ఆఖరికి కళ్లజోళ్లూ లోదుస్తులూ కూడా వేలానికొచ్చాయి. తల్లికి పుట్టింటివాళ్లు ఇచ్చినవీ అందులో ఉన్నాయి. పెళ్లయిన స్త్రీ సొత్తు భర్తదేననేది అప్పటి చట్టం మరి! మేనమామ పాడుకుని తిరిగి ఇచ్చాడు కాబట్టి సరిపోయింది.

సుసాన్ టీచరుగా చేరింది. అక్కడా అంతే. చెప్పే పాఠం ఒకటే అయినా మగ టీచర్ల జీతంలో కొంత భాగమే ఆమె చేతికొచ్చేది. 1852లో మద్యపాన వ్యతిరేక సభకు వెళ్తే ఆడవాళ్లు మాట్లాడకూడదన్నారు. లేచి బయటికి వచ్చేసింది.

అంతకు ముందు ఏడాదే ఆమెకు ఎలిజబెత్ కేడీ స్టాంటన్ పరిచయమైంది. వీళ్ల స్నేహం గురించి ఎన్నిసార్లు చదివినా నాకు ముచ్చటేస్తుంది. స్టాంటన్ ఏడుగురు పిల్లల తల్లి. ఇల్లు కదల్లేదు. అందుకని సుసానే వాళ్లింటికి వెళ్లేది. తను పిల్లల్ని చూసుకుంటూ, పొయ్యి మీద వంట కలుపుతూ ఉంటే స్టాంటన్ కూర్చుని ఉపన్యాసాలు రాసేది. ఆ కాగితాలు పట్టుకుని పెళ్లికాని సుసాన్ ఊరూరా తిరిగేది. చలికాలపు మంచులోనూ తిరిగి సంతకాలు సేకరించింది. చివరికి 1860లో న్యూయార్క్ రాష్ట్రంలో పెళ్లయిన స్త్రీకి తన సంపాదన మీద హక్కు, పిల్లల మీద తండ్రితో సమానంగా హక్కు ఇస్తూ చట్టం వచ్చింది. ఒకరి రాత, ఒకరి నడక... రెండూ కలిస్తేనే అయింది ఆ పని!

బానిసత్వం రద్దు కోసం ఈ ఇద్దరూ పెట్టిన మహిళా సంఘం దాదాపు 4 లక్షల సంతకాలు సేకరించింది. తర్వాత 1868లో 14వ రాజ్యాంగ సవరణ వచ్చింది. అమెరికా గడ్డమీద పుట్టినవాళ్లు అమెరికా పౌరులని అందులో ఉంది. అక్కడ పుట్టిన మన తెలుగు పిల్లలెందరో పౌరులైంది ఈ సవరణ ఆధారంగానే.

సుసాన్ దాన్ని సూటిగా చదువుకుంది. నేను మనిషిని, ఇక్కడే పుట్టాను, కాబట్టి పౌరురాలిని, పౌరులకు ఓటుండాలి అనుకుంది. 1872 నవంబరులో అక్కచెల్లెళ్లు నలుగురూ రోచెస్టర్‌లో ఓ క్షౌరశాలలో జరుగుతున్న ఓటర్ల నమోదుకు వెళ్లి పేర్లు రాయించుకున్నారు. నవంబరు 5న ఓటేశారు. పద్నాలుగో రోజున మార్షల్ ఇంటికొచ్చాడు. పాపం, ఆయనకే మొహమాటం. మీరే వీలు చూసుకుని రండి అన్నట్టు మాట్లాడాడు. సుసాన్ ఒప్పుకోలేదు. మగవాణ్ణి ఎలా తీసుకెళ్తారో అలాగే తీసుకెళ్లమని చేతులు చాచింది.

1873 జూన్‌లో విచారణ. ముద్దాయిగా ఆమెను సాక్ష్యం చెప్పనివ్వలేదు. జడ్జి వార్డ్ హంట్ జ్యూరీని చర్చించుకోనివ్వకుండానే దోషి అని తేల్చేశాడు. 100 డాలర్ల జరిమానా వేశాడు. కూర్చోమని జడ్జి పదేపదే గద్దిస్తున్నా ఆమె నిలబడే మాట్లాడింది. జరిమానా కట్టనంటే కట్టనంది. కట్టలేదు కూడా!

1875లో మరో మహిళ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఏమందో తెలుసా? స్త్రీలు పౌరులే గానీ, పౌరులైనంత మాత్రాన ఓటు రాదంది. ఇల్లు నీదేనమ్మా, ఇంటి విషయాల్లో మాత్రం నోరెత్తకు అన్నట్టు! ఇలాంటి మాట వినని ఆడది మనలో ఎవరుంటారు?

సుసాన్‌లో లోపాలు లేవనను. స్త్రీలను వదిలేసి నల్లజాతి పురుషులకు ఓటిచ్చిన 15వ సవరణను ఆమె వ్యతిరేకించింది. ఆ కోపంలో నల్లవాళ్లను నొప్పించే మాటలూ అంది. దక్షిణాది తెల్ల స్త్రీల మద్దతు కోసం 1895లో అట్లాంటా సభకు పాతమిత్రుడు ఫ్రెడరిక్ డగ్లస్‌ను రావద్దంది. తనను బయట నిలబెట్టారని పోరాడిన మనిషే ఇంకొకరిని బయట నిలబెట్టడం నాకు మింగుడుపడదు.

1906 మార్చి 13న ఆమె కన్నుమూసింది. స్త్రీల ఓటుహక్కు సవరణ 1920లో గానీ రాలేదు. అప్పుడూ అందరికీ అందలేదు. అక్కడి ఆదివాసులందరికీ పౌరసత్వం 1924లో వచ్చింది. దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి స్త్రీలు అడ్డంకుల్లేకుండా ఓటేయడానికి 1965 చట్టం రావాల్సి వచ్చింది. అమెరికన్ అనే మాటలో చోటు ఎవరికీ ఊరికే దొరకలేదు. ఒక్కొక్కరూ అడిగి, పోట్లాడి తీసుకున్నదే.

1979లో అదే ప్రభుత్వం డాలరు నాణెం మీద సుసాన్ బొమ్మ వేసింది. 2020లో ఆమెకు అధ్యక్షుడు క్షమాభిక్ష ప్రకటిస్తే, ఆమె పేరిట ఉన్న మ్యూజియం వద్దంది. క్షమాభిక్ష పుచ్చుకుంటే తప్పు చేసినట్టు ఒప్పుకోవడమేగా! ఓటేయడం తప్పని సుసాన్ ఏనాడూ ఒప్పుకోలేదు.