థామస్ కావెర్‌హిల్ జెర్డాన్

థామస్ కావెర్‌హిల్ జెర్డాన్ (1811 అక్టోబరు 12 - 1872 జూన్ 12) బ్రిటిషు వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త. ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యునిగా పనిచేస్తూ భారతదేశపు పక్షులు, క్షీరదాలపై ప్రామాణిక గ్రంథాలు రచించాడు. 1988లో భారత తపాలా శాఖ విడుదల చేసిన తపాలా బిళ్ళపై కనిపించే కలివికోడిని శాస్త్రలోకానికి పరిచయం చేసినది ఈయనే. ఆంగ్లంలో ఆ పక్షిని ఈయన పేరుతోనే పిలుస్తారు.

బాల్యము, విద్య

జెర్డాన్ ఇంగ్లండులోని డర్హం ప్రాంతంలో జన్మించాడు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. వైద్యవిద్యతో పాటు ప్రకృతి శాస్త్రంపై ఆసక్తి అక్కడే ఏర్పడింది. 1835లో కంపెనీలో సహాయ వైద్యునిగా నియమితుడై, 1836 ఫిబ్రవరిలో మద్రాసు చేరుకున్నాడు.

ఉద్యోగము

మొదట గంజాం జిల్లాలో జ్వరాలతో బాధపడుతున్న సైనికులకు వైద్యం చేసాడు. తరువాత అశ్వికదళంతో తిరుచిరాపల్లికి, దక్కను పీఠభూమిలోని జాల్నాకు వెళ్ళాడు. దళం మజిలీ చేసిన ప్రతిచోటా పక్షులను పరిశీలించి, 1839-40లలో దక్షిణ భారత పక్షుల పట్టికను మద్రాసు నుండి వెలువడే శాస్త్ర పత్రికలో ప్రచురించాడు. 1841లో నీలగిరులలో ఫ్లోరా మాక్లియాడ్‌ను వివాహమాడాడు.

అనంతరం నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసాడు. అడవి జీవితంలో ఆరితేరిన యానాదుల నుండి జంతువుల స్థానిక నామాలు, అలవాట్లు తెలుసుకున్నాడు. పక్షుల గ్రంథంలో శాస్త్రీయ నామాలతో పాటు తెలుగు పేర్లను కూడా చేర్చడం ఈయన పద్ధతిలోని విశేషం. 1847లో మలబారు తీరంలోని తెల్లిచ్చేరికి బదిలీ అయ్యాడు.

రచనలు

1843-47 మధ్య మద్రాసులో వెలువడిన సచిత్ర పక్షి గ్రంథంలో 50 వర్ణచిత్రాలున్నాయి. వాటిలో కొన్నింటిని భారతీయ చిత్రకారులు గీసారు. 1851లో దక్షిణ భారతదేశపు చీమలపై వ్యాసం వ్రాసి, ఎగిరి దూకే ఒక చీమ జాతిని వర్ణించాడు. గవర్నర్ జనరల్ కానింగ్ ప్రోత్సాహంతో 1862-64లలో 'బర్డ్స్ ఆఫ్ ఇండియా' వెలువరించాడు. ఇందులో వేయికి పైగా జాతుల వర్ణన ఉంది. అంతకు ముందు పక్షుల సమాచారం అనేక పత్రికలలో చెల్లాచెదురుగా ఉండేది. క్షీరదాలపై గ్రంథం 1867లో రూర్కీలో అచ్చయింది.

వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వైట్ ఒక దక్షిణ భారత మొక్క ప్రజాతికి ఈయన గౌరవార్థం జెర్డోనియా అని పేరు పెట్టాడు.

కలివికోడి

నెల్లూరు, కడప ప్రాంతాల కొండలలో జెర్డాన్ కనుగొన్న ఈ పక్షిని 1848లో కలకత్తాలోని ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రీయంగా వర్ణించాడు. కలివి పొదలున్న చిట్టడవులలో తిరుగుతుంది కనుక స్థానికులు దీనిని కలివికోడి అంటారు. 1900 తరువాత ఇది ఎవరికీ కనబడకపోవడంతో అంతరించినట్లు భావించారు. పక్షి ప్రధానంగా రాత్రివేళ సంచరించేది కాగా, వెదకినవారు పగటివేళ వెదకడం ఇందుకు ఒక కారణం. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్, స్థానిక వేటగాని సహాయంతో, కడప జిల్లా రెడ్డిపల్లి వద్ద దీనిని తిరిగి కనుగొన్నాడు. జెర్డాన్‌కు దారి చూపినట్లే, శతాబ్దం దాటిన తరువాత కూడా అడవినెరిగిన స్థానికుల జ్ఞానమే దారి చూపింది.

తపాలా బిళ్ళ

పక్షి తిరిగి దొరికిన రెండేళ్ళకు, 1988లో, కలివికోడి చిత్రంతో తపాలా బిళ్ళ వెలువడింది. అప్పటికి దీనిని కళ్ళారా చూసినవారు బహు కొద్దిమంది. ఉత్తరాల మీద అంటించిన ఆ చిన్న చిత్రం అడవికి ఎన్నడూ వెళ్ళని వారికి కూడా పక్షి రూపాన్ని చేర్చింది. అదే సంవత్సరం కడప జిల్లాలో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. 2000 దశకంలో పక్షి ఆవాసాన్ని కాపాడడానికి తెలుగుగంగ కాలువ మార్గాన్ని మార్చవలసి వచ్చింది. కలివికోడి నేటికీ తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతియే.

మరణము

జెర్డాన్ 1870లో ఇంగ్లండు తిరిగి వెళ్ళి, 1872 జూన్ 12న లండన్ సమీపంలోని అప్పర్ నార్వుడ్‌లో తన 60వ యేట మరణించాడు. సరీసృపాలపై తలపెట్టిన గ్రంథం అసంపూర్తిగా మిగిలిపోయింది.