మూలుగ మర్మమును శోధించిన మనీషి — డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మానవ దేహంలో నెత్తుటి కణాలు పుట్టే స్థానం ఎముకల లోపలి మూలుగ. ఈ సత్యాన్ని 1868లో నాయ్‌మన్ అనే వైద్యుడు లోకానికి వెల్లడించాడు. అయితే మూలుగ చురుకుగా పనిచేసినంత మాత్రాన నెత్తురు సమృద్ధిగా ఉంటుందని చెప్పడానికి వీలులేదు. ఈ విషయం బోధపడాలంటే మన తెలుగువాడైన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితాన్ని మనమొకసారి పరిశీలించవలసి ఉన్నది.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి మూడవసారి ఉత్తీర్ణులయ్యారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో ఖద్దరు ధరించి ఆచార్యుల ఆగ్రహానికి గురయ్యారు. అందువల్ల ఎం.బి.బి.ఎస్. పట్టానికి బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది. అంతకు మించిన దుఃఖం ఇంటిలోనే కలిగింది. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల వ్యాధికి బలియయ్యారు. ఆ వ్యాధి ఆయననూ పట్టి పీడించగా డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స ప్రాణం నిలిపింది.

అనంతరం దాతల సహాయంతో అమెరికా చేరి, ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పని చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. 1925లో ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి నెత్తురులోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. కండరాల శక్తికి మూలమైన ఏ.టి.పి.ని గురించి 1929లో వెల్లడించారు. ఇంత చేసినా అక్కడ స్థిరమైన ఆచార్య పదవి ఆయనకు దక్కలేదు. 1940లో లెడర్లీ ఔషధ పరిశోధనాలయంలో చేరారు.

అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. కణం రెండుగా చీలడానికి ముందు తన డి.ఎన్.ఏ.ను రెట్టింపు చేసుకోవాలి. అందుకు ఫోలిక్ ఆమ్లం అవసరం. స్ప్రూ రోగి పేగులు ఆహారంలోని ఈ పదార్థాన్ని సరిగా గ్రహించలేవు. అప్పుడు మూలుగలో కణాలు పెద్దవిగా పెరుగుతాయేగాని పక్వం కావు. వాటిలో అనేకం అక్కడే నశిస్తాయి. మూలుగ కిటకిటలాడుతున్నా నెత్తురులో కణాల లెక్క పడిపోతుంది. ఫోలిక్ ఆమ్లం అందగానే ఆ లెక్క తిరిగి పెరుగుతుంది. సోదరులను పొట్టన పెట్టుకొన్న వ్యాధికి ఈ విధంగా ఒక మందు లభించింది.

ల్యుకేమియాలో మూలుగ నిండా అపక్వమైన దుష్టకణాలు పెరిగి మంచి కణాలకు చోటు లేకుండా చేస్తాయి. ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డగించే అమినోప్టెరిన్ అనే మందును సుబ్బారావుగారి బృందం సిద్ధం చేసింది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దానిని పదహారుగురు పిల్లలకు ఇవ్వగా పదిమందికి కొంతకాలం గుణం కనిపించిందని 1948లో ప్రకటించాడు. మూలుగకు కావలసినది ఇచ్చి ఒక రోగాన్ని, దుష్టకణాలకు కావలసినది అందకుండా చేసి మరొక రోగాన్ని ఎదిరించిన ఘనత ఆ బృందానిది.

నేడు పెట్ స్కాన్ చిత్రంలో, గ్లూకోజును ఎక్కువగా వాడుకొంటున్న మూలుగ వెలుగుతూ కనిపిస్తుంది. రక్తహీనతను పూడ్చడానికి మూలుగ శ్రమిస్తున్నప్పుడూ, తెల్లకణాలను పెంచే మందు ఇచ్చినప్పుడూ, దుష్టకణాలు చేరినప్పుడూ ఆ వెలుగు హెచ్చవచ్చు. కనుక వెలుగును చూచి వెంటనే రోగనిర్ణయం చేయరాదు. నెత్తురు లెక్కను దాని ప్రక్కన ఉంచి చదవాలి. ఒకటి శ్రమను తెలుపుతుంది, రెండవది ఫలితాన్ని తెలుపుతుంది. రెండింటికీ పొంతన కుదరనప్పుడు వైద్యులు మూలుగను తీసి సూక్ష్మదర్శినితో పరీక్షిస్తారు.

సుబ్బారావుగారు తిరిగి స్వదేశాన్ని చూడలేదు. 1948 ఆగస్టులో, యాభై మూడేండ్ల వయస్సులో న్యూయార్క్‌లో నిద్రలోనే కన్నుమూశారు. 1995లో మన ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ల వెలువరించింది. విద్యార్థులారా! పరీక్షలో తప్పిన బాలుడు, చిన్న పట్టం పొందిన వైద్యుడు, పదవి దక్కని పరిశోధకుడు — ఈ ముగ్గురూ ఒక్కరే. ఆయన శ్రమకు తగిన బిరుదులు రాకపోయినా, ఆ శ్రమ ఫలితం నేటికీ రోగుల నెత్తురులో లెక్కకు అందుతూనే ఉన్నదని మనం గ్రహించాలి.