ఫెరారీల వెనకాల మనవాడు

2005 జూన్ 19న ఇండియానాపోలిస్‌లో ఫార్ములా వన్ పందెం ముగిసేసరికి ట్రాక్ మీద మిగిలినవి ఆరే ఆరు కార్లు. రెండు ఫెరారీలు, రెండు మినార్డీలు, రెండు జోర్డాన్లు. అంటే ఆరింట్లో నాలుగు ఇటలీ కార్లే. ఫెరారీలు మొదటి రెండు స్థానాలూ తీసుకున్నాయి, మినార్డీలు చివర వచ్చాయి. ఆ రెంటి మధ్య పసుపు రంగు జోర్డాన్ కార్లు రెండు. అందులో నాలుగో స్థానంలో గీత దాటిన కారును నడిపింది కోయంబత్తూరు తెలుగింటి బిడ్డ, నరైన్ కార్తికేయన్. ఫార్ములా వన్‌లో ఒక భారతీయుడి ఖాతాలో పాయింట్లు పడడం అదే మొదటిసారి. ఒక్కటి కాదు, అయిదు.

అదే ఏడాది మార్చి 6న మెల్‌బోర్న్‌లో ఆయన తొలి ఫార్ములా వన్ పందెంలో దిగారు. ఆ ప్రవేశానికి ఇరవై ఏళ్లు నిండాయి. ఈ పండుగ వేళ మా ఊరు కోయంబత్తూరు తరఫున, మా భాష మాట్లాడే అందరి తరఫున నరైన్ గారికి నిండు మనసుతో అభినందనలు!

ఇండియానాపోలిస్ మాట ఎత్తగానే, మిషెలిన్ టైర్ల బండ్లన్నీ తప్పుకుంటే వచ్చిన స్థానమే కదా అని తీసిపారేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. జరిగింది నిజమే. శుక్రవారం ఆ టైర్లతోనే పోతున్న డ్రైవరు రాల్ఫ్ షూమాకర్ కారు పదమూడో మలుపులో గోడకు కొట్టుకుంది, తమ టైర్లు తట్టుకుంటాయని మిషెలిన్ హామీ ఇవ్వలేకపోయింది, పందెం మొదలయ్యే ముందే 14 కార్లు పిట్‌లోకి వెళ్లిపోయాయి. కానీ ఆరు కార్లే ఉన్నా 73 రౌండ్లు 73 రౌండ్లే. గోడలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. వెనక మినార్డీలు ఉండనే ఉన్నాయి. ఆ రోజు ఆయన కారును క్షేమంగా గమ్యం చేర్చారు. అయినా నన్నడిగితే అంతకన్నా పెద్ద పని మెల్‌బోర్న్‌లోనే జరిగింది. మొట్టమొదటి క్వాలిఫయింగ్‌లో, 20 మందిలో 12వ స్థానం. ఆ జోర్డాన్ కారు ఎంత వెనకబడి ఉండేదో తెలిసినవాళ్లకు ఆ అంకె విలువ తెలుస్తుంది.

ఈ ప్రతిభ ఆకాశం నుంచి ఊడిపడలేదు. విజయనగర కాలంలో, మదురై నాయకుల ఏలుబడిలో తెలుగు కుటుంబాలెన్నో కోయంబత్తూరు, మదురై సీమలకు వలస వచ్చి స్థిరపడ్డాయి. నల్లరేగడి దున్ని పత్తి పండించాయి. పత్తి మిల్లులకు దారి తీసింది, మిల్లులు మిషన్లకు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, వర్క్‌షాపులో గ్రీజు. అలా వచ్చిన మా నాయుళ్ల ఇళ్లలో పిల్లలు పెరిగింది ఈ మూడింటి మధ్యే.

కలంగల్ ఊళ్లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు గారి సంగతే చూడండి. బ్రిటిష్ అధికారి ఒకాయన ఎక్కి వచ్చిన రడ్జ్ మోటారుసైకిల్ చూసి ఆయనకు నిద్ర పట్టలేదు. కోయంబత్తూరు హోటల్లో సర్వరుగా పనిచేసి కూడబెట్టిన డబ్బుతో ఆ బండినే 300 రూపాయలకు కొన్నారు. కొన్నాక చేసిన మొదటి పని దాన్ని విప్పేయడం. ముక్క ముక్కగా విప్పి, మళ్లీ బిగించి, మెకానిక్ అయ్యారు. 1920లో రాబర్ట్ స్టేన్స్ ఇచ్చిన అప్పుతో ఒక బస్సు కొని పొల్లాచి, పళని మధ్య నడిపారు. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి మన దేశంలోనే తొలి ఎలక్ట్రిక్ మోటారు తయారు చేశారు. ఆయన పేరు మీద కుటుంబం నిలబెట్టిన జీడీ కార్ మ్యూజియంలో పాత కార్లు చూస్తూ తిరుగుతుంటే, ఇవన్నీ ఎవరో ఒకరు విప్పి చూసినవే అన్న భావన కలుగుతుంది. బండి చూడగానే లోపల ఏముందో చూడాలనుకోవడం మా ఊరి గుణం.

ఆ గుణాన్ని పందెం ట్రాక్ మీదికి తెచ్చినవారు లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ గారు. నరైన్ గారికి బంధువు కూడా. రేసు కారంటే విదేశాల నుంచి తెప్పించుకునే వస్తువు అనుకునే రోజుల్లో, దాన్ని ఇక్కడే చేయవచ్చని చేసి చూపించారు. 1988లో ఆయన తయారు చేసిన ఒంటి సీటు కారులో ఉన్నది మారుతీ 800 ఇంజనే. మూడు సిలిండర్లు, 796 సీసీ. ఆ ఇంజన్‌తో వేగం ఎలా వస్తుంది? బరువు తగ్గిస్తే వస్తుంది. గొట్టాల చట్రం, నేలకు ఆనేంత కిందుగా సీటు, అక్కర్లేనిదేదీ లేని ఒళ్లు. ఆ ఫార్ములా మారుతీ కార్లలోనే ఎందరో కుర్రాళ్లు రేసు నేర్చుకున్నారు. నరైన్ గారు తొలి పందెం ఆడిందీ అందులోనే, పోడియం ఎక్కిందీ అందులోనే. 1995లో విమాన ప్రమాదం కరివర్ధన్ గారిని తీసుకుపోయింది. ఆయన ఉండి ఉంటే 2005 మార్చిలో ఎంత పొంగిపోయేవారో!

ఇప్పుడు ఇటలీకి పోదాం. నరైన్ గారి కెరీర్‌ను కారు కారుగా చూస్తే ఒక తయారీదారు పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: దల్లారా. పార్మా దగ్గర వరానో దె మెలెగారి అనే చిన్న ఊరిలో ఉంటుంది ఈ కంపెనీ. బ్రిటిష్ ఫార్ములా త్రీలో ఆయన గెలిచిన పందేలు దల్లారా కార్లలోనివి. ఫార్ములా వన్ తలుపు తెరిచిన నిస్సాన్ వరల్డ్ సిరీస్ కార్లూ దల్లారావే. 2011లో హెచ్‌ఆర్‌టీ జట్టులో మళ్లీ ఫార్ములా వన్‌కు వచ్చినప్పుడు ఎక్కిన కారు కూడా దల్లారా రూపొందించిన కారుకు కొనసాగింపే. ఆ ఏడాది అక్టోబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన తొలి ఇండియన్ గ్రాండ్ ప్రీలో ఆయన 17వ స్థానంలో ముగించింది దానితోనే. నడుమ 2008-09లో ఏ1 గ్రాండ్ ప్రీలో భారత జట్టుకు నడిపిన కారులో ఉన్నది కూడా ఇటలీదే, ఫెరారీ వీ8 ఇంజన్.

ఈ కంపెనీకి పేరిచ్చిన జంపాలో దల్లారా 1936లో పుట్టారు. ఫెరారీలో పని నేర్చుకుని, లంబోర్గినిలో చేరి, 1966లో వచ్చిన మియూరాకు షాసీ గీసింది ఆయనే. పన్నెండు సిలిండర్ల ఇంజన్‌ను డ్రైవరు వెనక అడ్డంగా పెట్టిన కారు అది. సూపర్‌కార్ల కథ అక్కడి నుంచే మొదలవుతుందని నేను గట్టిగా నమ్ముతాను. 1972లో సొంత కంపెనీ పెట్టి దశాబ్దాల తరబడి ఇతరులకు రేసు కార్లు చేసి ఇచ్చారు. తన పేరుతో రోడ్డు మీదికి ఒక కారు రావడానికి 2017 దాకా ఆగారు. దాని పేరు స్ట్రాదాలె.

సూపర్‌కార్ అనగానే 700, 800 హార్స్‌పవర్ అంకెలు వినిపించే కాలంలో స్ట్రాదాలెది నాలుగు సిలిండర్ల ఫోర్డ్ ఇంజన్, 2.3 లీటర్లు, 400 హార్స్‌పవర్. పెద్ద గొప్పేం కాదనిపిస్తుంది. బరువు చూడండి: ఇంధనం, నూనెలు పోయకముందు 855 కిలోలు. మన వీధుల్లో తిరిగే స్విఫ్ట్ బరువుకు అటూఇటుగా అంతే. మొదటి రూపంలో దానికి తలుపుల్లేవు, ముందు అద్దం లేదు. అంచు దాటి కాలు పెట్టి లోపలికి దిగాలి. సీటు ముందుకీ వెనక్కీ జరగదు. మెత్తలు కార్బన్ ఫైబర్ తొట్టికే అమర్చి ఉంటాయి. డ్రైవరు పొడుగును బట్టి పెడళ్లు, స్టీరింగే జరుపుకోవాలి. సీటును జరిపే పట్టాలు, మోటార్ల బరువు అలా మిగులుతుంది.

అసలు విద్య గాలిలో ఉంది. విమానం రెక్క బండిని పైకి లేపితే, ఈ కారు ఒళ్లూ రెక్కా దాన్ని నేలకు అదుముతాయి. వెనక పెద్ద రెక్క బిగించుకుంటే, పూర్తి వేగంలో 820 కిలోల దాకా ఒత్తిడి పుడుతుందని కంపెనీ చెబుతుంది. అంటే దాదాపు కారంత బరువు మరొకటి టైర్లను అదుముతుందన్నమాట, అదీ మోయాల్సిన అవసరం లేని బరువు. మలుపులో టైరు జారకుండా పట్టుకునేది అందుకే. వేగం పెరిగే కొద్దీ పట్టూ పెరుగుతుంది. నిదానంగా పోతే ఆ పట్టు ఉండదు. భయపడి మలుపులో వేగం తగ్గించేవాడికి ఈ కారు లొంగదు. ధైర్యం చేసినవాడికే తన బలం ఇస్తుంది.

ఇంజన్ చిన్నదైనా బరువు తీసేసి వేగం రాబట్టడం వరానోలో జరిగింది. అంతకు ముందే, చేతిలో ఉన్న కొద్దిపాటి సామగ్రితో, కోయంబత్తూరులోనూ జరిగింది. కార్బన్ ఫైబర్ లేదు, గాలి ఒత్తిడిని పరీక్షించే సొరంగం లేదు, ఉన్నది మారుతీ ఇంజనూ గొట్టాలూ వెల్డింగూ. అయినా ఆలోచన ఒక్కటే. ఈ రెండు ఊళ్ల బండ్లనూ నడిపినవారు మన నరైన్ గారు. 2010లో పద్మశ్రీ వచ్చింది. 2019లో, 42 ఏళ్ల వయసులో, జపాన్‌లోని ఫుజీలో సూపర్ జీటీ, డీటీఎం అనే రెండు సిరీస్‌ల కార్లు కలిసి పోటీపడిన పందెంలో మళ్లీ గెలిచారు. ఆ వయసులో, ఆ కార్ల గుంపులో ముందు రావడం మామూలు సంగతి కాదు.

2003లో మా ఊరి దగ్గరి చెట్టిపాళయంలో కరివర్ధన్ గారి పేరుతో కరి మోటార్ స్పీడ్‌వే వచ్చింది. 2.1 కిలోమీటర్ల ట్రాక్. 800 హార్స్‌పవర్ బండికి అక్కడ కాళ్లు చాపుకునే చోటు దొరకదు, నిటారు దారి వచ్చినట్టే వచ్చి మలుపు ఎదురవుతుంది. తేలిక బండికి మాత్రం అది సొంత ఇల్లు. ఈ ఇరవై ఏళ్ల పండుగకు నా కోరిక ఒక్కటే: ఒక స్ట్రాదాలె ఆ ట్రాక్ మీదికి రావాలి, స్టీరింగ్ దగ్గర నరైన్ గారు కూర్చోవాలి, కరివర్ధన్ గారి పాత ఫార్ములా మారుతీ ఒకటి దాని పక్కనే స్టార్ట్ కావాలి. ఆ రోజు మా నాయుళ్ల పిల్లలు గోడ ఎక్కి తెలుగులో ఈలలు వేస్తారు, నేనూ వాళ్ల పక్కనే ఉంటాను.