బహదూర్ యార్ జంగు

వాక్కు ఎంతటి శక్తియో, ఎంతటి బాధ్యతయో తెలిసికొనుటకు బహదూర్ యార్ జంగు జీవితము చాలును.

ఆయన 1905వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన హైదరాబాదులో పఠాను జాగీర్దారుల వంశమున జన్మించెను. అసలు పేరు మహమ్మదు బహదూర్ ఖాను. పుట్టిన కొలది దినములకే తల్లి గతింపగా మాతామహి పెంచెను. ఉర్దూ ప్రసంగమున ఆయనకు సాటి లేకుండెను. నిజాము మెచ్చి బిరుదమొసగెను.

1927లో వెలసిన మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీనునకు ఆయన 1938లో అధ్యక్షుడయ్యెను. సంస్థానముల ముస్లిం లీగునకును నాయకుడై, ముస్లిములకు ప్రత్యేక దేశము కావలెనని చాటెను. 1943 డిసెంబరున కరాచీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగము ప్రసిద్ధము. నిజాము ప్రభుత్వము తన రాజకీయ ప్రసంగములకు అడ్డు చెప్పగా, మౌనము వహించుటకంటె బిరుదమును, జాగీరును విడుచుటయే మేలని విడిచెను.

1944 జూన్ 25న, ముప్పదితొమ్మిదేండ్ల వయసున, ఒక మిత్రుని యింట హుక్కా పీల్చుచు హఠాత్తుగా మరణించెను. విషప్రయోగమను వదంతి నేటికిని సమసిపోలేదు.

1947లో ఏర్పడిన పాకిస్తానును ఆయన చూడలేదు. ఆయన నడిపిన సంఘము పిమ్మట కాశిం రజ్వీ చేతబడి రజాకార్ల దౌర్జన్యమునకు దారితీసెను. 1948 సెప్టెంబరున సంస్థానము భారతదేశమున కలిసెను.

తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ ఒకే వీధిలో వినబడు మన నారాయణపేటవారికి ఆయన కోరిన వేరుపాటు రుచింపదు. అయినను నమ్మినదానికై సంపదను విడిచిన ధైర్యమును గౌరవింతము. జనులను కదలించు మాట ఎచ్చటికి చేర్చునో ముందుగా యోచింతము.