వరాహమిహిరుడు - వల్మీకశాస్త్రం

వరాహమిహిరుని జీవితాన్ని గూర్చి నిస్సంశయంగా చెప్పదగినది స్వల్పం. తండ్రి ఆదిత్యదాసు; విద్యాగురువు కూడా ఆయనే. కాపిత్థకంలో సూర్యానుగ్రహం పొందినట్లు, అవంతి దేశవాసి అయినట్లు బృహజ్జాతకం చివర స్వయంగా తెలిపాడు. పంచసిద్ధాంతికలో గణితారంభానికి శక సంవత్సరం 427, అనగా క్రీ.శ. 505, గ్రహించాడు. ఆమరాజు అనే వ్యాఖ్యాత ఆయన నిర్యాణాన్ని శక సంవత్సరం 509లో, అనగా క్రీ.శ. 587లో, నిర్దేశించాడు. రెంటికీ నడుమ 82 ఏండ్లు. కావున 505 గణనకు ఆరంభమే గాని గ్రంథరచనాకాలం కానక్కరలేదు. విక్రమాదిత్యుని నవరత్నాలలో ఒకడన్న ప్రసిద్ధి కథామాత్రం. ఆర్యభటుని పేర్కొన్నవాడు విక్రమశకారంభం నాటి సభలో ఉండటం ఎట్లు పొసగుతుంది?

జ్యోతిషికునిగా ఆయన కీర్తి ఎంత వ్యాపించిందంటే, నేలను చూచిన మిహిరుడు మరుగున పడ్డాడు. బృహత్సంహితలో చీమలు కారణం లేకుండానే గ్రుడ్లను తరలించుకొనడం సద్యోవర్ష సూచనగా చెప్పబడింది. అదే గ్రంథంలోని దకార్గళాధ్యాయం (ముద్రణలను బట్టి 53 లేదా 54వది) భూగర్భజలాన్వేషణకు సంబంధించినది. ఆకాశం నుండి ఒకే రుచితో పడిన నీరు నేలభేదం వల్ల నానారుచులు పొందుతుందన్న ప్రతిపాదనతో అది మొదలవుతుంది. గులకతో కూడిన తామ్రవర్ణపు నేలలో నీరు వగరు. కపిలవర్ణపు నేలలో క్షారం. పాలిపోయిన నేలలో ఉప్పన. నీలవర్ణపు నేలలో మధురం.

ఈ అధ్యాయంలో పుట్టకు ప్రధానస్థానం ఉంది. నేరేడు చెట్టుకు తూర్పున సమీపంలో పుట్ట ఉంటే దక్షిణదిశలో రెండు పురుషప్రమాణాల లోతున తియ్యని నీరు దొరుకుతుందని చెప్పాడు. పురుషప్రమాణం 120 అంగుళాలు, అనగా అయిదు మూరలు. పుట్టలు వరుసగా ఉండి ఒకటి మాత్రం ఎత్తుగా పెరిగితే జలసిర దాని క్రిందనే ఉంటుందట. ఈ విద్య తన సొంతమని ఆయన చెప్పుకోలేదు; సారస్వతమునికి, మనువుకు ఋణపడినట్లు అంగీకరించాడు.

పుట్టను చీమలు పెడతాయని లోకంలో వాడుక. వాస్తవానికి పెద్దపుట్టలు చెదపురుగులవి. వాటికి చీమలకంటె బొద్దింకలతోనే జ్ఞాతిత్వం. పలుచని చర్మం గల ఆ కీటకం తేమ లేనిచోట త్వరగా ఎండి చస్తుంది. ఉత్త ఇసుకలో గోడ నిలువదు. నీరు నిలిచే పల్లంలో గూడు మునుగుతుంది. తడిసి ఉబ్బి, ఎండి నెర్రెలిచ్చే నల్లరేగడిలో పుట్టలు సాధారణంగా తక్కువ. బంకమన్ను, తేమ తగుపాళ్లలో ఉన్నచోట అది అడుగునుండి మన్ను పైకి తెచ్చి లాలాజలంతో కూర్చి కడుతుంది. నేలలో గూడు కట్టే చీమలకు కూడా మట్టిపొందికయే ఆశ్రయం. కావున పుట్ట తన అడుగునేలకు సాక్షి అన్నంతవరకు మిహిరుని చూపు నిర్దుష్టం.

దిక్కులు, కొలతల మాట వేరు. హైదరాబాదు నేల నల్లసేనపురాతి నేల. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో బండలు పైకే కనిపిస్తాయి. వాటి నడుమ రాయి మాగి మొరంగా, బంకమన్నుగా మారినచోట పుట్ట లేవవచ్చు. అంతమాత్రాన క్రింద బావి పడుతుందని చెప్పలేము. ఇక్కడ లోతునీరు రాతిపగుళ్లను అనుసరిస్తుంది. ఆ ప్రాంగణంలోనే సంస్కృత అకాడమీ ఉంది; తార్నాక దాటి ఉప్పల్ మార్గంలో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. దకార్గళం ఈ ఇరువురికీ చెందిన గ్రంథం. ఒకరి చేతిలోనే ఉంటే సగమే అర్థమవుతుంది. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ భూవిజ్ఞాని ఇ.ఎ.వి. ప్రసాద్ ఈ రెండు దృష్టులనూ కలిపి 1980లో ఈ అధ్యాయంపై గ్రంథం వెలువరించారు.

మిహిరుని కుమారుడు పృథుయశస్సు తండ్రి జ్యోతిషాన్ని కొనసాగించాడు, షట్పంచాశిక ఆయనదే. పదవ శతాబ్దంలో భట్టోత్పలుడు బృహత్సంహితకు విపులవ్యాఖ్య రచించాడు. దకార్గళంలో బండను నిప్పుతో కాచి పగులగొట్టే ఉపాయాలున్నాయి. చెడిన బావినీటిని తేర్చడానికి తుంగముస్తెలు, వట్టివేరు, ఉసిరిక, కతకఫలం మొదలైనవాటి చూర్ణం చెప్పబడింది. కతకమంటే తెలుగు పల్లెలలో కడవ అడుగున అరగదీసి బురదనీటిని తేర్చుకొన్న చిల్లగింజయే.